అడుగు ఆరని కడ్డీ

నేను పెట్రోలు పరీక్షించే ఉద్యోగం చేశానని తెలిస్తే చాలు, ఎవరైనా ముందు అడిగేది ఒకటే. ఏ కంపెనీ బంకులో పెట్రోలు మంచిది? పెళ్ళి భోజనాల దగ్గర అడిగారు, ఆసుపత్రి వరండాలో అడిగారు, ఒకసారి పళ్ళ డాక్టరు నా నోట్లో అద్దం పెట్టి మరీ అడిగాడు. ముప్ఫై మూడేళ్ళ పాటు ఈ ప్రశ్నకి నా దగ్గర సిద్ధంగా ఒక ఉపన్యాసం ఉండేది. ఇప్పుడు లేదు. ఎందుకు లేకుండా పోయిందో ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు చెప్పాలని కూర్చున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు, ఆ మాట ముందే చెబుతున్నాను.

మాది శ్రీకాకుళం వైపు నుంచి జంషెడ్‌పూర్ వచ్చి ఉండిపోయిన కుటుంబం. తాత ఉక్కు కర్మాగారం పనికి వచ్చాడు, నాన్న అక్కడే రిటైరయ్యాడు. నేను కెమిస్ట్రీ చదివి, టాటానగర్ స్టేషనుకి అవతల ఉన్న ఒక చమురు కంపెనీ డిపోలో లాబు అసిస్టెంటుగా చేరాను. నెలలో సగం రోజులు లాబులో, తక్కిన సగం వ్యానులో సామాను వేసుకుని ఊళ్ళోని బంకులు తిరగడం. మా ఊళ్ళో పంపు అంటాం గాని, మీకోసం బంకు అనే రాస్తాను.

బారిడీహ్ వైపు ఒక రోడ్డు మీద రెండు బంకులు ఎదురెదురుగా ఉండేవి. ఈ పక్కది మా కంపెనీది, ఆ పక్కది ఇంకో కంపెనీది. షిఫ్టు వదిలిన కార్మికులు ఆ రోడ్డు మీదికి రాగానే రెండు పార్టీలుగా చీలిపోయేవారు. కొందరు ఇటే తిరుగుతారు, కొందరు చచ్చినా ఇటు రారు. అటుది పోస్తే బండి పరిగెడుతుందని వాళ్ళు, ఇటుది పోస్తే ఇంజను చల్లగా ఉంటుందని వీళ్ళు. తండ్రి ఏ బంకుకి వెళ్తే కొడుకూ అదే బంకు. కులదైవంలాగే, ఎవరూ కారణం అడగరు.

నేను రిటైరవడానికి మూడేళ్ళ ముందు, వర్షాకాలం మొదట్లో, మా బంకు మీద ఫిర్యాదులు వచ్చాయి. మైలేజీ తగ్గిందని, బండి అప్పుడప్పుడు దగ్గుతోందని. మా పై ఆఫీసరు నన్ను పంపాడు. నేను మామూలుగా పరీక్ష చేసి వచ్చేస్తే సరిపోయేది. కాని నాకు ఆ రోజు నలుగురి ముందు చెప్పి ఒప్పించాలన్న సరదా పుట్టింది.

షిఫ్టు వదిలే వేళకి బంకులో ఒక బల్ల వేయించాను. మా బంకు నుంచి ఒక గాజు జాడీడు, ఎదుటి బంకు నుంచి ఒక గాజు జాడీడు పెట్రోలు తెచ్చి పక్కపక్కన పెట్టాను. రెంటిలోనూ సాంద్రత కొలిచాను. రెంటి చుక్కలూ ఫిల్టరు కాగితం మీద వేశాను. రెండు చుక్కలూ మరక లేకుండా ఆవిరైపోయాయి. గుమిగూడిన వాళ్ళకి హిందీలో చెప్పాను: ఎదుటి బంకు లారీ కూడా మా డిపో గేటు దగ్గరే వరసలో నిలబడుతుంది. సరుకు ఒకటే. బోర్డు వేరు, రంగు వేరు, ఎక్కడైనా పిసరంత కలిపే మందు వేరు. మీరు గొడవపడేది బోర్డుల గురించి.

జనం నవ్వారు. ఒకాయన చప్పట్లు కొట్టాడు. బంకు యజమాని నాకు లస్సీ తెప్పించాడు.

అందరూ వెళ్ళాక మామ నా దగ్గరికి వచ్చాడు. మామ అంటే ఆ బంకులో పెద్ద సేల్స్‌మను. ఇరవై ఏళ్ళుగా అక్కడే పని. మా అమ్మ వాళ్ళ ఊరికి దగ్గర ఊరివాడు కావడంతో నేను మామా అనేవాణ్ణి. వయసులో పెద్దవాడు, నన్ను బాబూ అనేవాడు. రోజూ పొద్దున్నే భూమిలో ఉన్న టాంకులోకి పొడవాటి ఇత్తడి కడ్డీ దించి, ఎంత సరుకు ఉందో, అడుగున నీళ్ళేమైనా చేరాయో చూసి రిజిస్టరులో రాయడం అతని పని.

"పెట్రోలు ఒకటే బాబూ, నువ్వు సెప్పింది నిజమే," అన్నాడు. "టాంకులు ఒకటి కాదు కదా."

"అంటే ఏటి మామా?"

"మన టాంకు మీద మూత ఉండే గొయ్యి ఉంది సూడు. వాన పడితే అందులో నీళ్ళు నిలబడతన్నాయి. మూత కింద రబ్బరు పోనాది. నాలుగు రోజుల కాడినుంచి కడ్డీ పైకి తీత్తే అడుగు ఆరట్లేదు. పెట్రోలైతే ఈపాటికి ఆరిపోవాల కదా?"

నేను కడ్డీకి పేస్టు రాసి దించాను. నీళ్ళు తగిలితే రంగు మారే పేస్టు అది. పైకి తీసి చూస్తే రంగు మారలేదు.

"చూడు మామా. నీళ్ళు లేవు."

అతను కడ్డీ అడుగుని వేళ్ళతో రాసి చూసుకున్నాడు. "పేస్టు అలగే సెప్తంది బాబూ. నా సెయ్యి ఇంకోలాగ సెప్తంది. రబ్బరు మార్చమని రాసీ. ఆ ఒక్క ముక్క రాసీ, సాలు."

రాస్తానన్నాను. రాయలేదు. ఫిర్యాదు తప్పని నలుగురి ముందు రుజువు చేసి, అదే రిపోర్టులో మూత పాడైందని ఎలా రాయడం? కింద ఒక్క వరసలో 'నీరు లేదు, మూత సరిగా ఉంది' అని రాసి సంతకం పెట్టాను. గోతిలోకి వంగి కూడా చూడలేదు. వచ్చేటప్పుడు నా సంచీలో ఉన్న పేస్టు ట్యూబులు నాలుగు మామ చేతిలో పెట్టాను, రోజూ దీనితోనే చూడమని చెప్పి.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పక తప్పదు. ఇప్పుడు మనం పోయించుకునే పెట్రోల్లో చెరకు నుంచో ధాన్యం నుంచో తీసిన ఇథనాల్ కలుస్తుంది. పూర్వం ఉత్త పెట్రోల్లోకి నీళ్ళు దిగితే కలవకుండా అడుగున విడిగా పడి ఉండేవి, పేస్టుకి దొరికిపోయేవి. ఇథనాల్ ఉన్న పెట్రోల్లోకి నీళ్ళు ఎక్కువగా దిగితే ఇథనాల్‌ని తమలోకి లాగేసుకుంటాయి. ఆ రెండూ కలిసి అడుగున పొరగా చేరతాయి. పాత పేస్టు ఆ పొరకి సరిగా పలకదు. దానికి కొత్త రకం పేస్టు వాడాలి. ఆ సంగతి చెబుతూ డిపోకి సర్క్యులరు వచ్చింది, దాంతోపాటు కొత్త పేస్టు పెట్టె కూడా వచ్చింది. సర్క్యులరు కింద 'చదివాను' అన్న చోట నా సంతకం ఉంది. నేను దాన్ని చదవలేదు. పాత ట్యూబులు అయిపోయాక పెట్టె తెరుద్దామనుకున్నాను.

తరువాత పన్నెండో రోజు అది జరిగింది. మూడు రోజుల ముసురు పట్టి, ఆ పొద్దున తెరిపిచ్చింది. ఉదయం షిఫ్టుకి వెళ్ళేవాళ్ళు మా బంకులో పెట్రోలు పోయించుకుని బయల్దేరారు. అరమైలు పోకుండా బళ్ళు ఒక్కొక్కటీ ఆగిపోవడం మొదలైంది. కిక్కు కొట్టి కొట్టి కాళ్ళు నొప్పెట్టి, బళ్ళు తోసుకుంటూ వెనక్కి వచ్చారు. గేటు వేళ దాటిపోయి హాజరు పోయిన కాంట్రాక్టు కార్మికులు ఉన్నారు. ఒక స్కూలు టీచరు స్కూటరు మలుపులో ఉన్నట్టుండి ఆగిపోతే వెనక నుంచి ఆటో గుద్దింది. ఆవిడ మోచెయ్యి విరిగింది. ఆవిడ ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. వెళ్ళి చూసినవాణ్ణి కాదు.

నేను చేరేసరికి బంకు ముందు జనం, పోలీసు జీపు. మా ఆఫీసరు అప్పటికే వచ్చి ఉన్నాడు. కుర్రవాడు, తెలివైనవాడు, బీహారు వైపు మనిషి. అతని ముందే పెట్రోలు గొట్టం నుంచి గాజు జాడీలోకి శాంపిలు తీశాను. పన్నెండు రోజుల కిందట నేను నలుగురికీ చూపించిన జాడీ అది. నిమిషంలో లోపలి ద్రవం రెండు పొరలుగా విడిపోయింది. చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యేంత స్పష్టంగా కనిపించింది.

బంకు యజమాని గదిలో విచారణ మొదలైంది. ఆఫీసరు బల్ల మీద రెండు కాగితాలు పెట్టుకున్నాడు. ఒకటి నా రిపోర్టు: నీరు లేదు, మూత సరిగా ఉంది. రెండోది మామ రోజూ నేనిచ్చిన పేస్టుతో చూసి రాసిన రిజిస్టరు: నీరు లేదు, నీరు లేదు, నీరు లేదు. ముందు రోజు వచ్చిన లారీ సరుకు తాలూకు శాంపిలు డిపోలో శుభ్రంగా ఉంది. కాబట్టి ఆఫీసరు లెక్కకి మిగిలింది ఒక్కటే. ఈ మనిషి కడ్డీ దించకుండానే రోజూ 'నీరు లేదు' అని రాస్తున్నాడు.

యజమాని వెంటనే అందుకున్నాడు. ముసలివాడైపోయాడు, వంగలేకపోతున్నాడు, తనకి ముందునుంచీ అనుమానంగానే ఉందన్నాడు. అబద్ధమని మాకందరికీ తెలుసు. మామ నాకంటే సులువుగా వంగుతాడు.

మామ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. యూనిఫారం టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "రోజూ దించాను సాబ్," అని హిందీలో ఒక్క మాట అన్నాడు.

ఆఫీసరు రిజిస్టరు పేజీలు తిప్పుతూ ఆగాడు. ప్రతి రోజు అంకెల పక్కనా పెన్సిలుతో సన్నగా ఏదో రాసి ఉంది. అది హిందీ కాదు, ఇంగ్లీషు కాదు. మామ ఊళ్ళో నాలుగో తరగతి దాకా తెలుగు చదువుకున్నాడు. తన గుర్తుకోసం ఏదైనా రాసుకుంటే తెలుగులోనే రాసుకునేవాడు.

ఆఫీసరు రిజిస్టరు నా వైపు తిప్పాడు. "యే ఆప్‌కీ భాషా హై నా? క్యా లిఖా హై?" ఇది మీ భాషే కదా, ఏం రాసి ఉంది అని.

నేను చదివాను. నేను బల్ల వేయించిన రోజు పక్కన ఇలా ఉంది: 'అడుగు ఆరట్లేదు. బాబుకి చెప్పాను. రబ్బరు మార్చాలి.' తరువాతి రోజు: 'అడుగు ఆరట్లేదు.' ఆ తరువాతి రోజూ అదే. కింది దాకా అదే.

ఆ గదిలో తెలుగు చదవగలిగినవాళ్ళం ఇద్దరమే. రాసినవాడు, నేను. నేను తలెత్తి మామని చూడలేదు. ఆఫీసరుతో హిందీలో చెప్పాను, "ఏం లేదు సర్. ఇంటి సామాన్ల జాబితా ఏదో."

ఇన్నేళ్ళలో ఆ క్షణం గురించి నాకు నేను చాలా సాకులు చెప్పుకున్నాను. ఛార్జిషీటు ఇస్తారని భయం వేసిందని, ఆలోచించే వ్యవధి లేకపోయిందని. నిజానికి భయం తరువాత వచ్చింది. ముందు వచ్చింది సిగ్గు. పన్నెండు రోజుల కిందట అదే చోట, అదే జనం ముందు బల్ల వేసి పాఠం చెప్పినవాణ్ణి. కడ్డీ పట్టే మనిషికి తెలిసింది నాకు తెలియలేదని ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

ఆఫీసరు రిజిస్టరు మూసేశాడు.  నేను చెప్పింది అబద్ధమని మామ హిందీలోనే అనగలడు, ఆ భాష మాట్లాడడం నాకంటే బాగా వచ్చు. అయినా అనలేదు. అక్కడే నిలబడి నా వైపు చూస్తున్నాడని మాత్రం నాకు తెలుస్తూనే ఉంది. సాయంత్రం లోపల అతన్ని పనిలోంచి తీసేశారు.

అదే సాయంత్రం డిపోలో కొత్త పేస్టు పెట్టె తెరిచాను. కడ్డీ ముక్కకి రాసి, బంకు నుంచి తెచ్చిన శాంపిల్లో ముంచాను. చూస్తుండగానే రంగు మారింది. పక్కన పాత పేస్టు రాసి ముంచిన ముక్క ఎలా ఉన్నది అలాగే ఉంది. లాబులో ఎవరూ లేరు. రెండు ముక్కలూ కడిగేసి పెట్టేశాను.

వారం తిరక్కుండా టాంకు మూత రబ్బరు మార్చారు. ఆ ఖర్చు కాగితం మీద కూడా నా సంతకమే ఉంది.

కాగితాల్లో మామ చేసిన తప్పు నిర్లక్ష్యం. బజార్లోకి వచ్చేసరికి అది 'పెట్రోల్లో నీళ్ళు కలిపాడు' అయింది. ఇంకే బంకూ అతన్ని తీసుకోలేదు. మన తెలుగువాళ్ళ పూజల్లో, పెళ్ళిళ్ళలో కూడా ఆ మాట తిరిగింది. ఒకసారి కద్మాలో మా వీధిలోనే ఒక భోజనాల దగ్గర ఎవరో అన్నారు, "ఇరవై ఏళ్ళు ఎంత కలిపీసి ఉంటాడో." నా ఎదుట విస్తరి ఉంది. నేను తల వంచుకుని తిన్నాను.

మామ స్టేషను దగ్గర సైకిల్ స్టాండులో చేరాడని విన్నాను. అప్పటినుంచి నేను రైలెక్కాలంటే స్టేషనుకి రెండో వైపు నుంచి వెళ్ళేవాణ్ణి.

అసలేమీ చెయ్యలేదని కాదు. ఎనిమిది నెలలు పోయాక మా ఆఫీసుకి ఒక ఉత్తరం రాశాను, జరిగింది జరిగినట్టు. అప్పటికి ఆ కుర్ర ఆఫీసరు బదిలీ అయిపోయాడు. కొత్తగా వచ్చినాయన నన్ను పిలిచి, మంచిగానే మాట్లాడాడు. ఫైలు మూసేశారు, మీకు రెండేళ్ళ సర్వీసు ఉంది, ఎందుకు కెలుక్కుంటారు అన్నాడు. ఉత్తరం ఫైల్లో పెడతానన్నాడు. నేను థాంక్స్ చెప్పి వచ్చేశాను. ఆ థాంక్స్ ఎందుకు చెప్పానో ఈ రోజుకీ తెలియదు.

రిటైరయ్యాక ఉద్యోగం అడ్డు అని చెప్పుకునే వీలు పోయింది. అయినా ఇంకో ఏడాది గడిపేశాను. పోయిన శీతాకాలం ఒక ఆదివారం పొద్దున బారిడీహ్‌లో వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. కూతురు తలుపు తీసింది. ఒక ఆసుపత్రి బిల్లుల కౌంటరులో పనిచేస్తుంది. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చి, లోపలికి రమ్మంది.

మామ మంచం మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాడు. నన్ను చూసి లేచాడు. "రా బాబూ, కూకో. ఇంత దూరం వచ్చినావేటి," అని కుర్చీ మీది బట్టలు తీశాడు. టీ వచ్చింది. మా పిల్లల గురించి అడిగాడు. నా మోకాళ్ళ గురించి అడిగాడు. సైకిల్ స్టాండులో కూచుని చేసే పనే కాబట్టి బాగానే ఉందన్నాడు. నేను మొదలుపెట్టడానికి అతను చోటివ్వకుండా మాట్లాడుతున్నాడో, నేనే వెతుక్కోలేదో చెప్పలేను. టీ అయిపోయాక అన్నాను.

"మామా, ఆ రోజు రిజిస్టరులో నువ్వు రాసింది నేను చదివాను."

"తెలుసు బాబూ. నీకు సదువొచ్చు కదా."

"మరి నువ్వెందుకు నోరు తెరవలేదు? నేను అబద్ధం చెప్తున్నానని అప్పుడే అని ఉండొచ్చు కదా."

అతను చేతిలో కాయ ఒలవడం ఆపాడు. "నువ్వే సెప్తావని సూత్తన్నాను. ఇప్పుడు సెప్తావు, ఇప్పుడు సెప్తావు అని. ఆలోపల అయిపోనాది."

అందులో కోపం లేదు. ఉంటే బాగుండేదని అప్పుడు అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది.

కూతురు వంటగది గుమ్మంలో నిలబడి అంతా విన్నది. తండ్రి తెలుగు ఆమెకి అర్థమవుతుంది, మాట్లాడదు. "అంకుల్, యే సబ్ లిఖ్ కే దీజియే," అంది. రాసివ్వండి, సంతకం పెట్టి. నాన్న నీళ్ళు కలిపాడని తన అత్తగారింట్లో ఇప్పటికీ అంటారని, తన పిల్లాడి ముందే అంటారని కూడా హిందీలోనే చెప్పింది. మామ ఆమెని ఊరుకోమని చెయ్యి ఊపాడు. ఆమె ఊరుకోలేదు.

ఇంటికి వచ్చి రాశాను. హిందీలో రెండు పేజీలు. పేస్టు సంగతి, సర్క్యులరు సంగతి, మూత సంగతి, రిజిస్టరులో ఏం రాసి ఉందో, నేను ఏమని చెప్పానో, అన్నీ. మూడు ప్రతులు తీయించి మూడింటి మీదా సంతకం పెట్టాను.

మొదటిది బంకుకి పట్టుకెళ్ళాను. యజమాని ఇప్పుడు రావడం లేదు, అల్లుడు చూసుకుంటున్నాడు. నిలబడే చదివి, అప్పట్లో తను ఇక్కడ లేనని చెప్పి, సొరుగులో పెట్టాడు. రెండోది ఇక్కడి తెలుగు సంఘం కార్యదర్శికి ఇచ్చాను. మీటింగులో చదివిస్తానన్నాడు. ఆ తరువాత రెండు మీటింగులు అయ్యాయి. పూజ చందాల గురించి మాట్లాడేసరికే పొద్దుపోయిందట.

అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను. పెట్రోలు ఏ కంపెనీదైనా ఒకటేనని నేను ముప్ఫై మూడేళ్ళు చెప్పింది అబద్ధం కాదు. డిపో గేటు దాకా నిజం. ఆ తరువాత అది ఒక టాంకులోకి దిగుతుంది, ఆ టాంకుని రోజూ చూసే మనిషి ఒకడుంటాడు. ఎవరైనా ఏ బంకు మంచిదని అడిగితే ఆ మనిషి ఎవరో కనుక్కోమంటున్నాను. మీరు శాంపిలు తీయడానికి వెళ్ళినప్పుడు, మీ సీసా ఒకటి చెప్పి అతని చెయ్యి ఇంకోటి చెబితే, కాసేపు సీసా పక్కన పెట్టండి. సర్క్యులర్లు చదవండి. ఇంతకంటే పెద్ద మాటలు చెప్పే అర్హత నాకు లేదు.

మూడో ప్రతి మామకి తీసుకెళ్ళాను. హిందీ అక్షరాలు కూడబలుక్కోవాలి, నువ్వే తెలుగులో చదివి చెప్పమన్నాడు. చెప్పాను, ఒక్క మాట వదలకుండా. మధ్యలో ఒకసారి ఆపి, "మూత సుట్టూ ఉన్న గొయ్యి కూడా పగిలింది బాబూ, అది రాయలేదు," అన్నాడు. పెన్నుతో పక్కన చేర్చాను. అంతా విన్నాక కాగితాలు తీసుకుని, నా సంతకం ఉన్న చోట వేలు పెట్టి కాసేపు చూశాడు. ఆ బంకులో తనతో పనిచేసినవాళ్ళలో ఒకడు పోయాడట, ఇద్దరు ఊరికి వెళ్ళిపోయారట. తనని అన్నవాళ్ళు అసలు ఎవరెవరో ఇప్పుడు తెలియదట.

"బాగానే రాసినావు," అన్నాడు. "ఇది ఇప్పుడు ఎవులికి సూపించాల బాబూ?"

 అతను కాగితాలు మడత పెట్టి, మళ్ళీ నా చేతికే ఇచ్చాడు.